దాగిపోయే పని ఒకరికి, కనిపించే పని ఒకరికి: ఇంటి మరమ్మతు ఏ పద్ధతిలో అప్పగించాలి?

వంటింటి పైకప్పు మీద తడి మచ్చ మొదట అరచేయంత ఉండేది. మూడో నెలకు చాటంత అయింది. సరిగ్గా దాని పైన, మొదటి అంతస్తులో, మేము కొత్తగా చేయించుకున్న స్నానాల గది ఉంది. టైల్స్ మెరుస్తున్నాయి, కుళాయిలు కొత్తవి, మూలల్లో తెల్ల సిమెంట్ గీత దారం పట్టినట్టు నిటారుగా ఉంది. చూసినవాళ్లంతా బాగుందన్నారు. నీళ్లు మాత్రం కిందికి దిగుతూనే ఉన్నాయి.

నల్లగొండలో మా మామయ్య 1994లో కట్టించిన ఇల్లు ఇది. పాత షాబాద్ బండలు తీసేసి, రెండు స్నానాల గదులు, వంటిల్లు, వైరింగ్ అన్నీ కొత్తగా చేయించాలని ఒక కాంట్రాక్టరుకు మొత్తం గుత్తకు ఇచ్చాం. నీరు కారుతోందని చెప్పినప్పుడల్లా ఫోనులో ఒకటే మాట: "అక్కా, రెండు రోజుల్లో మనిషిని పంపిస్తాను." అలా పన్నెండు వారాలు గడిచాయి. చివరికి పది నెలల కిందట వేసిన టైల్స్‌ను మేమే పగలగొట్టించాం. వాటి కింద వాటర్‌ప్రూఫింగ్ పూత నేల మీద పలచగా ఒక్కసారి పూసి ఉంది. గోడల మీదికి అంగుళం కూడా ఎక్కలేదు. నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ సిమెంట్ ముద్ద పెట్టి వదిలేశారు. మేము కట్టిన డబ్బులో రెండు పూతలకు, గోడ మీద అడుగు ఎత్తుకు లెక్క ఉంది. చేయని ఆ పనిని టైల్స్ కప్పేశాయి.

ఆ కోపం ఇంకా తగ్గలేదు. అయితే రెండోసారి పని చేయించేటప్పుడు ఒక సంగతి స్పష్టంగా అర్థమైంది. మంచి మేస్త్రీ ఎవరు అని వెతకడం కంటే ముందు, ఏ పనిని ఏ పద్ధతిలో అప్పగించాలో తేల్చుకోవాలి. మేము అక్కడే తప్పు చేశాం. అన్ని పనులనూ ఒకే పద్ధతిలో, ఒకే మనిషికి ఇచ్చేశాం.

తొందర ఎవరికి లాభం?

మన ప్రాంతంలో ఇంటి పని చేయించడానికి వాడుకలో ఉన్న పద్ధతులు నాలుగు. రోజు కూలీ: సామాను మనం తెస్తాం, మేస్త్రీకీ పార కూలీలకూ రోజుకింతని ఇస్తాం. లేబర్ గుత్త: సామాను మనది, పనికి చదరపు అడుగుకింత. మొత్తం గుత్త: సామానుతో సహా అంతా కాంట్రాక్టరుదే. నాలుగోది, హైదరాబాద్ నుంచి వచ్చే ఇంటీరియర్ సంస్థల ప్యాకేజీ.

ధరలు పోల్చే ముందు ప్రతి పద్ధతినీ ఒక ప్రశ్న అడగాలి. పని తొందరగా ముగిస్తే లాభం ఎవరికి? లేబర్ గుత్తలో ఒక రోజు మిగిలితే ఆ కూలీ మేస్త్రీకి మిగులుతుంది. మొత్తం గుత్తలో రోజు మిగిలినా, డబ్బా మిగిలినా, సిమెంట్ బస్తా మిగిలినా కాంట్రాక్టరుకే మిగులుతుంది. రోజు కూలీలో మాత్రం తొందరపడవలసిన అవసరం పనివాడికి లేదు. ఆలస్యం భారం మన మీద పడుతుంది కానీ, ఒక పూత ఎగ్గొడితే అతనికి వచ్చేదేమీ లేదు.

అందుకే ఇప్పుడు నేను ఎవరు అడిగినా ఒకే మాట చెబుతున్నాను. టైల్స్ కింద, గోడ లోపల, పైకప్పు వెనక దాగిపోయే పనిని రోజు కూలీకి చేయించండి. పూర్తయ్యాక కంటికి కనిపించే, చేత్తో తట్టి చూడగలిగే పనిని గుత్తకు ఇవ్వండి. వాటర్‌ప్రూఫింగ్, పైపులు, వైరింగ్ మొదటి రకం. టైల్స్, ప్లాస్టరింగ్, రంగులు రెండో రకం. ఇలా విడగొడితే మొత్తం ఖర్చు కొంత పెరుగుతుంది, ఇంటివాళ్లలో ఒకరు దగ్గరుండాలి కూడా. మేము రెండోసారి పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఆ పెరుగుదల ఏ మూలకూ రాదు.

ఇంట్లో పగలు ఎవరూ ఉండని కుటుంబమైతే? అప్పుడు కూడా మొత్తం గుత్తకు పోవద్దనే అంటాను. లేబర్ గుత్తకు ఇచ్చి, కాంట్రాక్టరుకు సంబంధం లేని సివిల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి, దాగిపోయే పని జరిగే రోజుల్లో మాత్రం వచ్చి చూడమని అడగండి. ఇలాంటి మరమ్మతులో ఆయన రావలసింది అయిదారు సార్లే. ఆయనను కాంట్రాక్టరే కుదిర్చి పెడతానంటే ఒప్పుకోవద్దు.

స్నానాల గది

ఇంటి మరమ్మతులో డబ్బు ఎక్కువగా నీళ్లపాలయ్యేది ఇక్కడే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేస్తే ధూళి ఉండదు, నాలుగు రోజుల్లో అయిపోతుంది అని చెప్పేవాళ్లున్నారు. కారడం లేని పొడి గదికి అది పనికొస్తుంది. అప్పుడు కూడా నేల ఎత్తు పెరిగి తలుపు అడుగు కోయించవలసి వస్తుంది. స్నానాల గదికి మాత్రం వద్దు. పాతవి తీసి స్లాబు దాకా వెళ్లాలి. స్లాబును కడిగి, పైపులు దిగే చోట్ల చుట్టూ ఆరాక కుంచించుకుపోని గ్రౌటు, అంటే సందులు పూడ్చే సిమెంట్ మిశ్రమం, నింపాలి. నేలా గోడా కలిసే కోణంలో సిమెంట్‌తో గుండ్రంగా వంపు తేవాలి, ఎందుకంటే పూత పగిలేది ఆ కోణంలోనే. తర్వాత మొదటి పూత. అది ఆరాక రెండో పూత, మొదటిదానికి అడ్డంగా. గోడల మీదికి కనీసం ఒక అడుగు, స్నానం చేసే వైపు ఆరడుగులు.

ఆపైన నీటి పరీక్ష. నహానీ ట్రాప్‌ను గుడ్డతో గట్టిగా బిగించి, రెండు అంగుళాల ఎత్తు నీరు నిలిపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, 48 గంటలు వదిలేయాలి. మన దగ్గర ఎండాకాలంలో నీరు ఊరికే కూడా ఆవిరవుతుంది. "ఎండకు తగ్గిందమ్మా" అనే మాటకు తావు లేకుండా, అదే గదిలో ఒక బకెట్‌లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. బకెట్‌లో కంటే నేల మీద ఎక్కువ తగ్గితే ఎక్కడో దారి ఉన్నట్టే. కింది గది పైకప్పును ఉదయం, సాయంత్రం చేత్తో తాకి చూడండి. ఈ పరీక్ష నెగ్గకముందు ఒక్క టైల్ కూడా వేయనివ్వకండి.

మా మొదటి కాంట్రాక్టరు ఈ పరీక్షను దాటవేశాడు. "రెండు రోజులు పని ఆపితే మనుషులు వేరే చోటికి వెళ్లిపోతారు అక్కా" అన్నాడు. అది నిజమే అయి ఉండవచ్చు. గుత్త పనిలో ఆ రెండు రోజులు ఖాళీ అంటే అతనికి నష్టమే. ఆ నష్టం తాను భరించకుండా మాకు బదిలీ చేశాడు, మాకు చెప్పకుండా.

పరీక్ష తర్వాత వాలు. ఎనిమిది అడుగుల గదికి కనీసం ఒక అంగుళం వాలు ట్రాప్ వైపు ఉండాలి. టైల్స్ వేసిన రోజే ఒక మగ్గు నీళ్లు నాలుగు మూలలా పోసి, ఎటు పోతున్నాయో మేస్త్రీని పక్కన పెట్టుకుని చూడండి. మడుగు కడితే సిమెంట్ గట్టిపడకముందే సరిచేయడం సులువు.

కుళాయిల ఎంపికలో ఒక మాట. నీళ్లను షవరుకో కుళాయికో మళ్లించే డైవర్టర్లలో గోడ లోపల దాగి ఉండే రకం చూడటానికి అందంగా ఉంటుంది. నల్లగొండ, మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీటి కాఠిన్యం తెలిసినవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. నీటిలోని లవణాలు లోపల గారలా పేరుకుంటాయి. మరమ్మతు అంటే టైల్ పగలగొట్టడమే. గోడ బయట బిగించే వాల్ మిక్సర్ అయితే పానాతో విప్పి శుభ్రం చేసుకోవచ్చు. మేము రెండోసారి దాన్నే పెట్టించాం.

పైపులు, వైర్లు

గోడ మూసేముందు పైపు లైనుకు పంపుతో ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు రాత్రంతా కదలకుండా ఉందో లేదో చూడాలి. వేడి నీళ్లకు వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు వాడాలి. వైరింగ్‌లో లైట్లకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5, గీజరుకూ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అన్నది ఇళ్లలో పాటించే లెక్క. మొత్తం గుత్తలో సన్నపు తీగతో సరిపెట్టడం చాలా సులువు, ఎందుకంటే తీగ గొట్టంలోకి వెళ్లాక ఎవరూ చూడరు. తీగ చుట్టలు మనమే కొని ఇస్తే ఈ బాధ ఉండదు. ఎర్త్ తీగ ప్రతి ప్లగ్గు దాకా రావాలి, మీటరు దగ్గర, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి, ఇక్కడ పొదుపు మాట ఎత్తవద్దు. పైపు గాడి కోసం బీమునో పిల్లరునో కోయడానికి ఎవరు సిద్ధపడినా ఆ క్షణమే పని ఆపించండి.

ప్లాస్టరింగ్‌తో మూసేముందు ప్రతి గోడకూ టేపు పట్టి ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు అవే దిక్కు.

గుత్తకు ఇవ్వదగిన పని

టైల్స్ పని మంచిచెడ్డలు చెవికి తెలుస్తాయి. రూపాయి బిళ్లతో ప్రతి టైల్‌ను మధ్యలో, నాలుగు మూలల్లో తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంట్ అంటలేదు. బరువైన వస్తువు పడిన రోజు ఆ మూల విరుగుతుంది. విట్రిఫైడ్ టైల్ అరశాతం కంటే తక్కువ నీరు పీలుస్తుంది కాబట్టి, ఉత్త సిమెంట్ పాలు దాన్ని సరిగా పట్టుకోలేవు. గోడలకైతే తప్పకుండా టైల్ అంటించే జిగురు, పళ్లున్న తాపీతో పరిచి వాడించండి. జిగురు బస్తాలు కూడా మీరే తెచ్చి, ఖాళీ సంచులు లెక్క పెట్టండి. చదరపు అడుగు లెక్క గుత్తలో ఒక షరతు రాయించుకోవాలి: డొల్ల వచ్చిన టైల్ తీసి మళ్లీ వేయాలి, ఆ టైల్ ఖర్చూ మేస్త్రీదే. తన పని మీద నమ్మకమున్న మేస్త్రీ దీనికి వెంటనే ఒప్పుకుంటాడు. మాకు రెండోసారి పని చేసిన పెద్దాయన షరతు విని, "రాయండమ్మా, తట్టేటప్పుడు నన్ను కూడా పిలవండి" అన్నారు.

ప్లాస్టరింగ్‌ను గుత్తకు ఇవ్వవచ్చు, కానీ తడపడం మాత్రం గుత్తలో కలపకండి. నీళ్లు కొట్టడానికని కాంట్రాక్టరు ఆదివారం మనిషిని పంపడు. సిమెంట్ పనికి కనీసం ఏడు రోజులు, మన ఏప్రిల్, మే ఎండల్లో పది రోజులకు తగ్గకుండా తడి ఉండాలి. ఆ పని ఇంటివాళ్లదే అనుకోవాలి. మా అత్తయ్య రెండోసారి పన్నెండు రోజులు పూటకు రెండుసార్లు పైపు పట్టుకుని గోడలు తడిపారు. మొదటిసారి వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చిన గోడ మీదే ఈసారి ఒక్క గీత రాలేదు. ఇటుక గోడా కాంక్రీటు బీమూ కలిసే చోట ఇనుప జాలీ కొట్టించాలి. లేకపోతే పగులు సరిగ్గా ఆ గీత వెంబడే వస్తుంది. లోపలి గోడకు 12 మిల్లీమీటర్ల మందం చాలు. గోడ వంకరను దాచడానికి ఒకేసారి అంగుళం మందం వేస్తుంటే ఆపండి. తడి ఆరని గోడ మీద పుట్టీ పెడితే పొక్కులు వస్తాయి, రంగులవాళ్లు ఎంత తొందరపెట్టినా ఆగండి.

సిమెంట్ మన దగ్గర తాజాగానే దొరకాలి. సున్నపురాయి నిల్వల వల్ల వాడపల్లి, మేళ్లచెర్వు ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు ఉన్నాయి. అయినా బస్తా మీద అచ్చు వేసిన వారం, సంవత్సరం చదివి, మూడు నెలలు దాటినదాన్ని తిప్పి పంపండి. భోజనానికి వెళ్లేముందు కలిపిన మాలు వచ్చేసరికి బిగిస్తే, దానిలో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచి వాడటం చాలాచోట్ల చూశాను. ఆ మాలుకు బలం ఉండదు. పారబోయించండి, సామాను మనదైతే పారబోయించే హక్కూ మనదే.

వంటింటి అలమారాలకు మాత్రం హైదరాబాద్ సంస్థల ప్యాకేజీ పరవాలేదు. ఫ్యాక్టరీలో కోసి తెచ్చి బిగించే పని కాబట్టి కొలతలు కచ్చితంగా వస్తాయి. సింకు కింది పెట్టెలకు ఐఎస్ 710 గుర్తు ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి. తడి పని, అంటే నీళ్లూ సిమెంటూ ఉన్న పని వాళ్లకు ఇవ్వవద్దు. వాళ్లు కూడా దాన్ని ఇక్కడి మనిషికే గుత్తకు ఇస్తారు. మధ్యలో ఒక చేయి పెరుగుతుంది, ఫిర్యాదు వస్తే వంద కిలోమీటర్ల దూరం కూడా పెరుగుతుంది.

మనుషులు, కాలం

పనివాళ్ల మీద నాకు కోపం లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. మా గదిలో ఒక్క పూత పూసిన కుర్రవాడికి కాంట్రాక్టరు ఇచ్చింది ఒక డబ్బా, ఒక పూట. ఆ సంగతి అతనే తర్వాత మాకు చెప్పాడు. పాలమూరు కూలీల చేతుల మీదుగా దేశంలో ఎన్నో ఆనకట్టలూ కాలువలూ లేచాయి. చేతి పనితనం మన దగ్గర లేక కాదు, మంచి చేతులు ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనో ముంబైలోనో పని చేస్తున్నాయి. జడ్చర్లలో మా చెల్లెలు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఏళ్ల తరబడి టైల్స్ వేసి సొంత ఊరికి తిరిగి వచ్చిన మేస్త్రీని రోజు కూలీకి పెట్టుకుంది. వాళ్ల ఇంటి పని మా రెండు పనుల కంటే మేలు. మీ వాడలో అలా తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారేమో ముందు విచారించండి.

ఎవరిని కుదుర్చుకున్నా నిన్న మొన్న పూర్తయిన ఇల్లు చూసి మురిసిపోవద్దు. రెండు వానాకాలాలు చూసిన ఇల్లు చూపించమనండి. అక్కడ మేడ మీది స్నానాల గదిని కాదు, దాని కింది గది పైకప్పును చూడండి. ఆ ఇంటి ఆడవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడండి, కారుతున్న ట్రాప్ కింద బకెట్ పెట్టేది వాళ్లే.

కాలం సంగతి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడే రోజుల్లో కూలీలు పొలాలకు వెళతారు, దసరాకూ సంక్రాంతికీ ఊళ్లకు వెళతారు. "పండుగలోపు అప్పగిస్తాను" అనే మాట మీద ముహూర్తం పెట్టుకుంటే చివరి వారంలో చేసే పని అంతా పరుగే. దాగిపోయే పని ఆ వారంలో పడకుండా చూసుకోండి.

డబ్బు, కాగితం

బయానా పదో వంతుకు మించి ఇవ్వవద్దు. తర్వాతి కిస్తీలను తేదీలకు కాకుండా పరీక్షలకు ముడిపెట్టండి: నీటి పరీక్ష నెగ్గాక ఇంత, పైపుల ఒత్తిడి పరీక్ష నెగ్గాక ఇంత, టైల్స్ తట్టి చూశాక ఇంత. చివరి పదో వంతు ఒక వానాకాలం దాటాక. దీనికి ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లను వదిలేయండి. కాగితం మీద "నాణ్యమైన వాటర్‌ప్రూఫింగ్" అని రాస్తే దానికి అర్థం లేదు. ఏ కంపెనీ పూత, ఎన్ని డబ్బాలు, ఎన్ని పూతలు, గోడ మీద ఎంత ఎత్తు అని రాయాలి. డబ్బు ఫోను ద్వారానో బ్యాంకు ద్వారానో పంపి, రసీదు తీసుకోండి.

పని చెడిపోయాక

ఇక్కడ దారులు మూడు. అతనితోనే సరిచేయించడం, వేరేవాళ్లతో చేయించుకుని వదిలేయడం, ఫిర్యాదుకు వెళ్లడం.

లోపం కంటికి కనిపించేదైతే, చివరి డబ్బు మన చేతిలో ఉంటే, మొదటి దారి మేలు. లోపం టైల్స్ కింద ఉంటే అతనితో మళ్లీ చేయించడం నాకు ఇష్టం లేదు. ఒకసారి దాచినవాడు రెండోసారి పైపైన సిలికాన్ పూసి వెళతాడు. మా ఇంట్లో మూలల్లో అదే చేశాడు, మచ్చ ఆగలేదు.

వేరేవాళ్లతో పగలగొట్టించే ముందు ఒక్క నిమిషం ఆగండి. తేదీతో ఫోటోలు, వీడియో తీయండి. లోపాలు రాసి, పదిహేను రోజుల గడువు ఇస్తూ అతనికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్వతంత్ర ఇంజినీరు చేత చూపించి సంతకంతో నివేదిక రాయించుకోండి. పగలగొట్టేటప్పుడు ఆయన ఉంటే ఇంకా మంచిది. తీసేసిన తర్వాత సాక్ష్యం మిగలదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం గృహనిర్మాణం కూడా సేవే, కాబట్టి ఆ సేవలో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల వరకు ఉన్న కేసులు జిల్లా స్థాయిలోనే వింటారు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. సంస్థ హైదరాబాద్‌దే అయినా మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు. దానికి ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. మన ఆజమాయిషీలో పనిచేసిన రోజు కూలీ మీద ఇలాంటి ఫిర్యాదు నిలబడటం కష్టం, అది ఆ పద్ధతిలో ఉన్న లోటు. అందుకే రోజు కూలీ పని దగ్గర మనిషి ఉండి తీరాలి.

రెండోసారి పోసిన నీళ్లు మా స్నానాల గదిలో మూడు రోజులు నిలిచాయి. నేల మీది గీత, బకెట్ గీత ఒకే మేర తగ్గాయి. వంటింటి పైకప్పు ఆరాక మామయ్య దగ్గరుండి ఆ మచ్చ మీద సున్నం వేయించారు. కాంట్రాక్టరుకు పంపిన నోటీసుకు ఇంతవరకు జవాబు రాలేదు. పగలగొట్టిన టైల్ ముక్కలు రెండు, ఇంజినీరు నివేదిక, రసీదులు ఒక సంచిలో పెట్టి ఉన్నాయి. ఈ సోమవారం ఫిర్యాదుతో పాటు వాటిని కమిషన్‌కు తీసుకువెళుతున్నాం.